గురక తగ్గాలంటే రాత్రి భోజనం దగ్గర మొదలుపెట్టండి: ఇంట్లో అంచెలవారీగా ఏం చేయాలి

మా నాన్న గురక మాకు చిన్నప్పటి నుంచీ అలవాటే. ఫ్యాను చప్పుడులాగా అదీ ఇంట్లో ఒక చప్పుడు అనుకునేవాళ్లం. నాలుగేళ్ల క్రితం దసరా సెలవులకి ఊరెళ్తే, ఒక రాత్రి కరెంటు పోయింది. ఫ్యాను ఆగి ఇల్లంతా సద్దుమణిగాక ఆ గురకని మొదటిసారి సరిగ్గా విన్నాను. గుర్రుమంటూ సాగి సాగి, టక్కున ఆగిపోయింది. చీకట్లో లెక్కపెట్టాను. పద్దెనిమిది అంకెలదాకా ఊపిరి చప్పుడు లేదు. తర్వాత నీళ్లలో మునిగి తేలిన మనిషిలా ఒక్కసారి గాలి లాక్కుని, పక్కకి తిరిగి, మళ్లీ గురక మొదలుపెట్టాడు. పొద్దున అమ్మని అడిగితే, "రోజూ ఇంతేనమ్మా. షాపులో అలసిపోతారు కదా, ఒళ్లు తెలియని నిద్ర" అంది.

అది ఒళ్లు తెలియని నిద్ర కాదు, రాత్రంతా ఊపిరి కోసం పెనుగులాట. ఆ సంగతి పరీక్షలో తేలాక, డాక్టరు చెప్పిన వైద్యంతోపాటు మా ఇంటి భోజనం ఎలా మార్చుకున్నామో, ఏది పనిచేసిందో, ఏది వృథానో ఇక్కడ వరసగా రాస్తున్నాను. చెప్పదలచుకున్నది ఒక్కటే. ఏం తినాలి అని వెతకడం కన్నా ముందు ఎప్పుడు తింటున్నాం, ఎంత తింటున్నాం అన్నది సరిచేసుకోండి. ఇంకో మాట, ఆహారం మార్చడం పరీక్షకి బదులు కాదు.

తిండికీ గురకకీ లింకు ఏమిటి

నిద్రలో గొంతు కండరాలు వదులవుతాయి. దారి ఇరుకైతే లోపలికి వెళ్లే గాలికి కొండనాలుక, దాని పక్కనున్న మెత్తటి అంగిలి అదురుతాయి. ఆ అదురే గురక. దారి పూర్తిగా మూసుకుపోయి ఊపిరి 10 సెకన్లు, ఆపైన ఆగితే దాన్ని ఒక ఆప్నియా కింద లెక్కేస్తారు, అది రాత్రంతా పదేపదే జరిగితే ఆ జబ్బు పేరు స్లీప్ ఆప్నియా.

తిండి ఈ దారిని నాలుగు రకాలుగా ఇరుకు చేస్తుంది. మొదటిది కొవ్వు. మెడ చుట్టూనే కాదు, నాలుకలో కూడా కొవ్వు పేరుకుంటుంది. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు 2020లో ప్రచురించిన అధ్యయనంలో, బరువు తగ్గినవాళ్ల గొంతుని ఎమ్మారై తీసి చూస్తే, ఊపిరి ఆగడం తగ్గడానికి పెద్ద కారణం నాలుకలో కొవ్వు కరగడమే అని తేలింది. రెండోది పొట్ట. నిండా తిని పడుకుంటే పొట్ట పైకి నెట్టి ఊపిరితిత్తులకి చోటు తగ్గుతుంది, పైగా పుల్లటి ఆమ్లం గొంతుదాకా ఎగదన్ని అక్కడ వాపు తెస్తుంది. మూడోది ఒంట్లో నీరు. పగలంతా కాళ్లలో దిగిన నీరు, పడుకోగానే పైకి పాకి మెడ దగ్గర చేరుతుంది. ఉప్పు ఎక్కువైతే ఆ నీరూ ఎక్కువే. నాలుగోది మందు, అంటే మద్యం. వదులవ్వాల్సిన దానికన్నా ఎక్కువగా గొంతు కండరాలని వదులు చేస్తుంది.

ముందు ఒక వారం ఏమీ మార్చకండి, రాసుకోండి

మార్పులు మొదలుపెట్టేసి తర్వాత "తగ్గిందా లేదా" అని అడిగితే ఇంట్లో తలా ఒక మాట చెబుతారు. అందుకే ముందు లెక్క ఉండాలి. ఒక పాత నోట్‌బుక్ తీసుకుని రోజూ రాత్రి తిన్న టైము, ఏం తిన్నారు, పడుకున్న టైము, సాయంత్రం టీ ఎన్నిసార్లు, మందు తాగారా, పొద్దున లేచాక నోరు ఎండిందా, తలనొప్పి ఉందా అని రాయండి. ఫోన్లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి మంచం పక్కన పెట్టండి. గురక శబ్దం కన్నా, మధ్యలో వచ్చే నిశ్శబ్దాలని వినండి. వాటినే లెక్కపెట్టాలి.

టేపుతో మెడ కొలవండి. మగవాళ్లకి 17 అంగుళాలు, ఆడవాళ్లకి 16 అంగుళాలు దాటితే స్లీప్ ఆప్నియా అవకాశం పెరుగుతుందని లెక్క. మాకు ఈ కొలత టైలర్ పుస్తకంలోనే దొరికింది. నాన్న ఇరవై ఏళ్లుగా ఒకే దర్జీ దగ్గర చొక్కాలు కుట్టిస్తాడు. పాత పేజీలో కాలర్ 15న్నర. మొన్నటి పేజీలో 17న్నర. చొక్కా బిగుతైన ప్రతిసారీ కాలర్ వదులు చేయించుకున్నాం తప్ప, మెడ ఎందుకు లావెక్కుతోందని ఎవరమూ అడగలేదు. నడుము కూడా కొలవండి. మన భారతీయులకి మగవాళ్లలో 90, ఆడవాళ్లలో 80 సెంటీమీటర్లు హద్దు.

ఈ వారంలోనే ఒక నిర్ణయం తీసుకోవాలి. నిద్రలో ఊపిరి ఆగుతున్నట్టు ఎవరైనా చూసినా, ఉక్కిరిబిక్కిరై లేస్తున్నా, బండి నడుపుతూ కునుకు పడుతున్నా, బీపీ మందులకి లొంగకపోతున్నా, ఆహారం సంగతి తర్వాత, ముందు ఈఎన్‌టీ డాక్టరునో, ఊపిరితిత్తుల డాక్టరునో కలవండి. స్లీప్ స్టడీ అని ఒక రాత్రి పరీక్ష చేస్తారు, ఇప్పుడు ఇంటికే మెషిన్ ఇచ్చి కూడా చేస్తున్నారు. గంటకి ఎన్నిసార్లు ఊపిరి ఆగింది, లేదా బాగా తగ్గింది అన్నది అందులో వస్తుంది. 5 లోపు మామూలు, 5 నుంచి 15 కొద్దిపాటి, 15 నుంచి 30 మధ్యరకం, 30 దాటితే తీవ్రం. మా నాన్నకి 34 వచ్చింది. అంటే రెండు నిమిషాలకి ఒకసారి.

మొదటి రెండు వారాలు: తినే టైము మార్చండి

ఇది ఒక్కటే చేయగలిగితే ఇదొక్కటే చేయండి. రాత్రి భోజనానికీ పడకకీ మధ్య 3 గంటలు ఉండాలి. 10న్నరకి పడుకునేవాళ్లు ఏడున్నరకల్లా తినేయాలి.

చెప్పడం తేలికే. మా ఇంట్లో షాపు మూసేది తొమ్మిదిన్నరకి. ఇంటికొచ్చి, స్నానం చేసి, పదింపావుకి కంచం ముందు కూర్చుని, ఆకలి మీద రెండు సార్లు అన్నం పెట్టించుకుని, పదకొండుకల్లా మంచం ఎక్కేవాడు. మూడు గంటల ఎడం ఎక్కడి నుంచి తెస్తాం? చివరికి అమ్మ పాత స్టీల్ క్యారియర్ బయటికి తీసింది. ఏడుంబావుకి షాపుకి క్యారియర్ వెళ్తుంది, గల్లాపెట్టె పక్కన స్టూలు మీద కూర్చుని పది నిమిషాల్లో తినేస్తాడు. మొదట్లో "కస్టమర్ల ముందు ఏంటి" అని గునిశాడు. రెండు వారాలకి అలవాటైంది. ఇంటికొచ్చాక ఆకలేస్తే ఒక గ్లాసు పల్చటి మజ్జిగ, అంతే.

ఆఫీసు నుంచి ట్రాఫిక్‌లో పడి తొమ్మిదికి ఇల్లు చేరేవాళ్లకి ఇదే పద్ధతి. ఆరున్నర, ఏడు మధ్య ఆఫీసులోనే అసలు భోజనం కానిచ్చేయండి, ఇంటికొచ్చాక పెసరకట్టో, చారో, ఒక పండో చాలు. నైట్ డ్యూటీ చేసేవాళ్లు గడియారం చూడొద్దు, పడుకునే టైముకి మూడు గంటల ముందు అన్న లెక్కే చూసుకోండి.

పూర్తిగా మానేయడం మాత్రం వద్దు. ఖాళీ కడుపుతో పడుకుంటే రెండింటికి మెలకువ వస్తుంది, అప్పుడు డబ్బాలో జంతికలు గుర్తొస్తాయి. షుగర్ ఉన్నవాళ్లు, ముఖ్యంగా ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, రాత్రి భోజనం టైముగానీ పరిమాణంగానీ డాక్టరుకి చెప్పకుండా మార్చొద్దు. నిద్రలో షుగర్ పడిపోతే అది గురక కన్నా పెద్ద ప్రమాదం.

పుల్లటి త్రేన్పులు, ఛాతీలో మంట ఉన్నవాళ్లకి ఇంకో రెండు పనులు. ఎడమ పక్కకి తిరిగి పడుకోండి. మంచం తలవైపు కోళ్ల కింద ఆరంగుళాల చెక్క దిమ్మెలు పెట్టండి. దిండ్లు ఒకదానిమీద ఒకటి వేస్తే మెడ వంగి గొంతు ఇంకా ఇరుకవుతుంది, ఎత్తు మంచానికి కావాలి.

మూడో వారం నుంచి: కంచం మార్చండి

మనలో చాలామందికి ఒక నమ్మకం, రాత్రిపూట అన్నం మానేసి టిఫిన్ తింటే తేలిక అని. శనివారం ఒంటిపూట ఉండేవాళ్లని చూడండి. పగలు అన్నం, రాత్రి నాలుగు దోశలు, దానిమీద నూనె, పక్కన పల్లీ చట్నీ. ఆ నాలుగు దోశల్లోనూ ఉన్నది బియ్యమే, నూనె అదనం. పూరీ అయితే చెప్పనే అక్కర్లేదు. చపాతీ సంగతీ అంతే, నూనె వేసి కాల్చిన నాలుగు చపాతీలు ఒక కంచం అన్నానికి తీసిపోవు. పేరు మారితే బరువు తగ్గదు.

మేం చేసింది ఇది. అన్నం గిన్నెలోంచి గరిటెతో వడ్డించడం మానేసి, ఒక చిన్న కప్పు పెట్టుకున్నాం. రాత్రికి ఆ కప్పుతో ఒక్కటే. కంచంలో సగం కూర: బీరకాయ, సొరకాయ, పొట్లకాయ, గోరుచిక్కుడు, ఆకుకూర, ఏదైనా. పావు వంతు పప్పు, లేదా గుడ్డు, చేప, చికెన్. ముందు కూర, పప్పు సగం తినేశాక అన్నం కలుపుకోవడం. ముందే కడుపు కొంత నిండుతుంది కాబట్టి రెండోసారి అన్నం అడగడం దానంతటదే తగ్గింది. వారంలో మూడు రాత్రులు జొన్నరొట్టె. రాయలసీమ వాళ్లకి రాగిసంగటి ఉండనే ఉంది, కాకపోతే ముద్ద సైజు చూసుకోవాలి.

నెయ్యి, వేపుళ్లు, మసాలా కూరలు పగటికి మార్చండి. కొవ్వెక్కువ ఉన్న భోజనం పొట్టలోంచి కదలడానికి ఎక్కువసేపు పడుతుంది. ఆదివారం బిర్యానీ, నాటుకోడి పులుసు మానమని నేను చెప్పను, మధ్యాహ్నం తినమంటాను. రాత్రి పదింటికి తెప్పించుకునే బిర్యానీ మాత్రం మానాల్సిందే.

నిద్ర నాణ్యతకీ తిండికీ సంబంధం గురకతోనే ఆగిపోదు. అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు 2016లో ప్రచురించిన చిన్న అధ్యయనంలో, పీచు ఎక్కువ తిన్నరోజు గాఢ నిద్ర ఎక్కువసేపు ఉందని, నెయ్యి, వెన్న లాంటి సంతృప్త కొవ్వు ఎక్కువైనరోజు ఆ గాఢ నిద్ర తగ్గిందని చూశారు. చక్కెర ఎక్కువైతే మధ్యమధ్యలో మెలకువలు ఎక్కువయ్యాయి. 26 మంది మీదే చేశారు కాబట్టి అదే వేదం అనను. కానీ కూర సగం, అన్నం పావు అన్న లెక్కకి ఇది ఇంకో బలం.

ఉప్పు, టీ, మందు

ఉప్పు రోజుకి 5 గ్రాములు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే ఒక టీస్పూను, అన్నీ కలిపి. మన రాత్రి భోజనంలో పెరుగన్నంలోకి ఆవకాయ, ఊరమిరపకాయ, అప్పడం, వడియాలు ఉంటే ఆ ఒక్క పూటలోనే చాలా భాగం అయిపోతుంది. రోజంతా నిలబడి పనిచేసేవాళ్లు, సాయంత్రానికి సాక్సు గుర్తులు కాళ్లమీద పడేవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. నాన్న కాళ్లమీద ఆ గుర్తులు నేను వేలితో తడిమితే గుంటలా తెలిసేవి. ఆవకాయ మధ్యాహ్నానికి మార్చాం, రాత్రి పెరుగన్నంలోకి కీరదోస ముక్కలు. సాయంత్రం ఒక అరగంట నడక కూడా పెట్టాం, ఆ నీరు కాళ్లలోనే ఉండిపోకుండా. కాళ్ల వాపు ఎక్కువగా ఉంటే, పొద్దునకీ తగ్గకపోతే, అది గుండె, కిడ్నీ, థైరాయిడ్ ఏదైనా కావచ్చు, చూపించుకోండి.

టీ, కాఫీ గురకని పెంచవు, నిద్రని చెడగొడతాయి. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. అందుకే మధ్యాహ్నం మూడు తర్వాత వద్దు. "నేను టీ తాగినా పడుకోగానే నిద్రపోతాను" అనేవాళ్లు చాలామంది ఉన్నారు. నిద్ర పట్టడం వేరు, లోతుగా పట్టడం వేరు. ఇక చక్కెర లెక్క కూడా వేసుకోండి. రోజుకి నాలుగు టీలు, ఒక్కో దాంట్లో రెండు చెంచాలు అంటే ఎనిమిది చెంచాల పంచదార, దాదాపు 130 కేలరీలు.

మందు గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. "రెండు పెగ్గులేస్తే హాయిగా నిద్రపడుతుంది" అనేది సగం నిజం. పడుతుంది, కానీ గొంతు కండరాలు మరింత వదులై గురక పెరుగుతుంది, ఊపిరి ఆగే సమయం కూడా పెరుగుతుంది. అర్ధరాత్రి దాటాక మత్తు దిగేకొద్దీ నిద్ర ముక్కలవుతుంది. స్లీప్ ఆప్నియా ఉన్నవాళ్లు పూర్తిగా మానేయడమే మంచిది. కనీసం పడుకునే ముందు నాలుగు గంటల్లో ముట్టుకోవద్దు. నిద్రమాత్రల విషయంలోనూ జాగ్రత్త, డాక్టరుకి మీ గురక సంగతి చెప్పకుండా వాడొద్దు.

మూడో నెల నుంచి పదో నెల దాకా: బరువు

పైన చెప్పినవన్నీ కొన్ని వారాల్లో తేడా చూపిస్తాయి. బరువు అలా కాదు, దానికి ఓపిక కావాలి. కానీ ఫలితంలో పెద్ద భాగం దీనిదే. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో చాలా ఏళ్లు సాగిన ఒక అధ్యయనం 2000లో ఈ లెక్క ఇచ్చింది: బరువు 10 శాతం పెరిగితే గంటకి ఊపిరి ఆగే సంఖ్య దాదాపు 32 శాతం పెరుగుతుంది, 10 శాతం తగ్గితే 26 శాతం తగ్గుతుంది. స్పెయిన్‌లోని గ్రనడాలో 89 మంది మగవాళ్లకి 8 వారాలు ఆహారం, వ్యాయామం, నిద్ర అలవాట్లు, మందు, సిగరెట్ మానడం అన్నీ కలిపి నేర్పించి 2022లో ప్రచురించిన ప్రయోగంలో ఆ సంఖ్య సుమారు సగానికి పడిపోయింది.

80 కిలోలుంటే లక్ష్యం 8 కిలోలు. వారానికి అరకిలో చాలు. మన ఇళ్లలో దీనికి మొదటి తాళంచెవి నూనె. ఒక మనిషికి నెలకి అర లీటరు మించకూడదు. నలుగురున్న ఇంటికి రెండు లీటర్లు. మా ఇంట్లో నలుగురికి ఐదు ప్యాకెట్లు వాడేవాళ్లం. నూనె సొంత షాపులోంచే వచ్చేది కాబట్టి లెక్క ఉండేది కాదు. అమ్మ నెల మొదటి తారీఖున రెండు ప్యాకెట్లు మాత్రం విడిగా పెట్టి, అవి అయిపోతే అంతే అంది. మొదటి నెల ఇరవైమూడో తారీఖుకే ఖాళీ అయ్యాయి. మూడో నెలకి సరిపోయాయి.

ఇంకొక మాట, దీని గురించి ఇంట్లోవాళ్లు తెలుసుకోవాలి. నిద్ర సరిగ్గా లేని మనిషికి ఆకలి పెంచే హార్మోన్లు ఎక్కువవుతాయి, తీపి మీద, వేపుళ్ల మీద మనసు పోతుంది. బరువు వల్ల గురక, గురక వల్ల చెడిన నిద్ర, ఆ నిద్రలేమి వల్ల మళ్లీ తిండి. "నోరు కట్టుకోలేవా" అని దెప్పడం అన్యాయం. వాళ్ల ఒళ్లే వాళ్ల మాట వినని స్థితి అది. వండేవాళ్లు, వడ్డించేవాళ్లు మారితేనే తినేవాళ్లు మారగలరు.

డబ్బూ, టైమూ పోగొట్టుకోకండి

పాలు, పెరుగు రాత్రిపూట కఫం పెంచుతాయని మానేయించేవాళ్లు ఉన్నారు. పాలు తాగాక లాలాజలంతో కలిసి గొంతులో కాస్త చిక్కగా అనిపిస్తుంది, అంతేగానీ కఫం తయారీ పెరగదు. పడేవాళ్లు పెరుగు మానక్కర్లేదు. పడుకునే ముందు తేనె, పసుపు పాలు, దాల్చినచెక్క నీళ్లు తాగితే హాయిగా ఉంటే తాగండి, గురక మందని మాత్రం అనుకోకండి. ముక్కులో నెయ్యో, నూనో సొంతంగా పోసుకోవద్దు, ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వచ్చే ప్రమాదం ఉంది. మేం ఆన్‌లైన్‌లో ఒక ముక్కు క్లిప్ కూడా కొన్నాం. మూడు రాత్రులు పెట్టుకున్నాడు, గురక అలాగే ఉంది, ముక్కు పుండైంది.

అందరి గురకా తిండితో తగ్గేది కాదు. సన్నగా ఉన్నా దవడ చిన్నగా, వెనక్కి ఉన్నవాళ్లకి ఊపిరి ఆగుతుంది. ముక్కు దూలం వంకర, అలర్జీ, థైరాయిడ్ తక్కువగా పనిచేయడం, ఆడవాళ్లలో నెలసరి ఆగిపోయాక వచ్చే మార్పులు, వీటికి వేరే దారి చూడాలి. పిల్లలు రోజూ గురక పెడుతుంటే, నోరు తెరిచి పడుకుంటుంటే తిండి మార్చుతూ కూర్చోవద్దు. టాన్సిల్స్, ముక్కు వెనక ఉండే ఎడినాయిడ్స్ చూపించండి.

మెషిన్ రాసిచ్చి ఉంటే

సీప్యాప్ అని, మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపి గొంతు మూసుకుపోకుండా ఆపే మెషిన్ ఉంటుంది. డాక్టరు అది వాడమంటే, ఆహారం మార్చుతూనే రోజూ వాడాలి. రెండూ ఒకదానికొకటి పోటీ కాదు. పైగా మెషిన్‌తో నిద్ర బాగుపడితే పగలు నడవడానికి ఓపిక వస్తుంది.

నాన్న పది నెలల్లో 84 నుంచి 77కి వచ్చాడు. రెండోసారి పరీక్ష చేయిస్తే 34 కాస్తా 22 అయింది. మెషిన్ ఇంకా ఉంది, ఒత్తిడి మాత్రం తగ్గించారు. మీరూ బరువులో పదో వంతు తగ్గాక, లేదా మాస్కులో గాలి మరీ ఎక్కువగా కొడుతున్నట్టు అనిపించినప్పుడు, మళ్లీ పరీక్ష చేయించుకుని డాక్టరు చేతే మార్పించుకోండి. గురక వినిపించడం లేదు కదా అని సొంతంగా తీసి పక్కన పెట్టేయొద్దు. మొదటి వారం రాసిన నోట్‌బుక్, ఫోన్లో రికార్డింగులు ఆ రోజు వెంట తీసుకెళ్లండి. మా డాక్టరు అన్నిటికన్నా ముందు తెరిచి చూసింది ఆ నోట్‌బుక్కే.